అద్దాల డబ్బాలో బడి

ఆయన పోయారని తెలిసిన పూట నేను మొదట చేసిన పని, నా కళ్లద్దాల డబ్బా తెరిచి చూసుకోవడం. అందులో అద్దాలే ఉన్నాయి. ఎందుకో చిన్నతనంగా అనిపించింది. ఆయన డబ్బాలో ఎన్నడూ అద్దాలుండేవి కావు. లోపలి మెత్తటి గుడ్డ మీద వరసగా, నగల దుకాణంలో ఉంగరాలు పేర్చినంత ఒద్దికగా, పెన్‌డ్రైవులుండేవి. అద్దాలు మాత్రం చిక్కడపల్లిలో ఏ చాయ్ హోటల్ బల్ల మీదో, నారాయణగూడలో ఏ బస్టాపు బెంచీ మీదో దిక్కులు చూస్తూ ఉండేవి. “అద్దాలు లేకుంట అద్దాలు ఎట్ల దేవులాడాలె తమ్మీ, జర తోడు రా” అని వారానికోసారి నన్ను వెంటబెట్టుకుపోయేవారు.

పేరు రాయడం లేదు. బడి పిల్లలకు ఇచ్చే పెన్‌డ్రైవుల మీద ఆయన పేరు రాసి అతికిద్దామని ఒకసారి నేనంటే, చెవులు మూసుకున్నారు. “వద్దు. పేరు పెట్టి పోవుడు గూడ ఇన్‌స్టాల్ చేసుడే” అన్నారు. ఆయన నిఘంటువులో ‘ఇన్‌స్టాల్’ అన్నది బూతుమాట.

నారాయణగూడ వైపు ఒక కాలేజీలో ఆయన రిటైరయ్యేదాకా కంప్యూటర్ ల్యాబ్ అటెండరు. పొద్దున తాళం తియ్యాలి, దుమ్ము తుడవాలి, సాయంత్రం కంప్యూటర్లన్నిటికీ గుడ్డ కవర్లు తొడిగి మళ్లీ తాళం వెయ్యాలి. ఆ ల్యాబులోకి చెప్పులతో ఎవరినీ రానిచ్చేవారు కాదు. ప్రిన్సిపాలుకూ మినహాయింపు లేదు. ఏసీ ఉండేది, అది కంప్యూటర్లకు. మనుషులకు చల్లదనం తగిలితే అది మనుషుల అదృష్టం. ముప్పై ఏళ్లు అలా గుమ్మం దగ్గర నిలబడి, లోపల లెక్చరర్లు చెప్పేది వింటూ, చెప్పనిది చూస్తూ ఆయన నేర్చుకున్నారు. నేను ముప్పై ఏళ్లు ఒక ఆఫీసులో కూర్చుని ఏమీ నేర్చుకోలేదు. నిలబడటంలో ఏదో ఉంది.

మా పరిచయం మా గేటు దగ్గర, తూకం వేస్తుండగా జరిగింది. నా పాత కంప్యూటరు ఆగిపోతే, పాత సామాన్లు కొనే కబాడీ అతనికి ఇచ్చేస్తున్నాను. అది అప్పటికే తక్కెట్లో కూర్చుంది. దారినపోతున్న ఈయన ఆగారు.

“ఎందుకిస్తున్నరు?”

“చచ్చిపోయిందండీ.”

“ఎవ్వలు చెప్పిండ్రు?”

“రిపేరు కుర్రాడు చెప్పాడండీ.”

“ఆడేమన్న డాక్టరా?” అంటూనే సీపీయూని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు. కబాడీ అతను లబలబలాడాడు. “ఏంది చాచా, ఎక్కడ పోయినా నువ్వే! తూకమేసినంక వాపస్ అంటే ఎట్ల?” ఇద్దరిదీ ఒకటే రూటని నాకు తరవాత తెలిసింది. పాత కంప్యూటరు ఎవరింట్లో ఉందో ఆ ఇద్దరికే తెలుసు. ఎవరు ముందు చేరితే దాన్నిబట్టి దాని జాతకం.

ఆయన నా గది బయట చెప్పులు విడిచారు. డబ్బాలోంచి ఒక పెన్‌డ్రైవు తీసి వెనకాల గుచ్చారు. స్విచ్ వేసి, కీబోర్డు మీద ఒకే మీటను చూపుడువేలితో టకటకటకా కొట్టడం మొదలుపెట్టారు.

“ఒక్కసారి నొక్కితే చాలదాండీ?”

“చాలదు. తలుపు కొట్టినట్టు కొట్టాలె. లోపలున్నోడికి చెవుడు.”

తెర వెలిగింది. నీలం రంగు, మధ్యలో గ్లోబు బొమ్మ, చుట్టూ లెక్కల ఆటలు, గ్రహాలు, దేశపటాలు, టైపింగు. నా కంప్యూటర్లో నేనెప్పుడూ చూడని ప్రపంచం.

“చచ్చిపోలే. యాది మరిచింది, గంతే” అన్నారాయన. అని, లేచి, పెన్‌డ్రైవు లాగేశారు. తెర మళ్లీ నల్లబడింది.

“మళ్లీ పోయిందండీ!”

“నేను పోతున్న గదా. అది గూడ పండుకుంటది.”

విషయం తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. నాకు తెలిసినవీ ఆ రెండే. కంప్యూటరు నడవాలంటే దాని కడుపులో ఒక సిస్టమ్ ఉండాలి. ఆ కడుపు పాడైతే మనం కంప్యూటర్నే పారేస్తాం. ఈయన పెన్‌డ్రైవులో సిస్టమ్ మొత్తం ఉంటుంది, చదువుకునే సరంజామాతో సహా. ఎవరో దూరదేశాల మంచివాళ్లు తయారుచేసి ఉచితంగా వదిలిపెట్టింది. గుచ్చితే ఎంత ముసలి కంప్యూటరైనా దాని మీద లేచి నడుస్తుంది, తీసేస్తే లోపల ఏమీ మిగలదు. “మనం కిరాయికున్నోళ్లం. గోడకు మేకు గొట్టొద్దు, ఖాళీ చేసినంక మచ్చ కనవడొద్దు” అనేవారు. అడిక్‌మెట్‌లో ఆయన నిజంగానే కిరాయి ఇంట్లో ఉండేవారు. ఆ ఇంట్లో క్యాలెండరు కుర్చీ మీద కూర్చుని ఉండేది.

మా స్నేహానికి భాష అడ్డు రాలేదు, కాస్త వినోదం మాత్రం కలిగించేది. మాది కోస్తా నుంచి వచ్చి చిక్కడపల్లిలో మొలకెత్తిన కుటుంబం. “మీరు ‘అవుతుందండీ’ అనేలోపల మాది అయిపోతది” అని ఎగతాళి చేసేవారు. నాకున్న ఒకే ఒక్క విద్య అచ్చుతప్పులు పట్టడం. రిటైరయ్యాక ఒక చిన్న పత్రికకు ప్రూఫులు దిద్దుతున్నాను. ఆయనకు అదే పనికొచ్చింది. ఆ సిస్టమ్‌లో ఉన్న పాఠాలన్నీ ఇంగ్లీషు. “మన పిల్లగాండ్లకు పువ్వు గూడ ఇంగ్లీషుల పూయాల్నా?” అని ఆయన బొమ్మలు పెట్టి, తెలుగులో పాఠాలు కట్టడం మొదలుపెట్టారు. పువ్వు భాగాలు, గుండె గదులు, చెరువులు, కొలతలు. రాయడం ఆయన, దిద్దడం నేను. నాలుగు నెలలు సాయంత్రాలు మా ఇంట్లో అదే పని. ఆయన పెన్‌డ్రైవులో రెండు అరలుండేవి. ఒక అరలో సిస్టమ్, రెండో అరలో ఈ పాఠాలు.

ఇదంతా ఒక గది కోసం.

చిక్కడపల్లి సందులో ఒక చిన్న తెలుగు మీడియం బడి ఉంది. ఏదో బ్యాంకు తన కంప్యూటర్లు మార్చుకున్నప్పుడు పాతవి పది ఆ బడికి దానం చేసింది. కొన్నాళ్లు నడిచి, ఒక్కొక్కటే మూలపడ్డాయి. గదికి తాళం పడింది. అశోక్ నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదివే యువతకు చోటు చాలక స్టడీ హాళ్లు గోడలు దాటి మా సందుల్లోకి వస్తున్న కాలం. బడి కమిటీ కార్యదర్శికి ఆ తాళం వేసిన గది మీద కన్ను పడటంలో వింతేమీ లేదు. ప్రధానోపాధ్యాయురాలు సుగుణ మేడం కాళ్లావేళ్లా పడి గడువు తీసుకున్నారు. సోమవారం కార్యదర్శి వస్తారు. పిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చుని చదువుతూ కనిపిస్తే గది బడిది. లేకపోతే కంప్యూటర్లు కబాడీకి, గది స్టడీ హాలుకు.

ఆయన పదింటినీ లేపారు. ఏ కంప్యూటరుకు ఏ మీట కొడితే వింటుందో సీపీయూ పక్కన సుద్దముక్కతో రాశారు. వారం రోజులు పిల్లల్ని కూర్చోబెట్టి, పాఠాలున్న ఒక్క పెన్‌డ్రైవునే ఒక్కో కంప్యూటరుకూ తిప్పుతూ పాఠాలు చూపించారు. ఇక చేయాల్సిందల్లా ఆ పాఠాలను మిగతా తొమ్మిది పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించడమే.

“ఎక్కియ్యనా తమ్మీ?”

“ఆగండన్నా, చివరి ప్రూఫు చూడాలి. తప్పు దిద్దకుండా నకలు తీస్తే ఒక తప్పు పది తప్పులవుతుంది” అన్నాను. నా జీవితంలో నేను గట్టిగా నమ్మిన సూత్రం అదొక్కటే. ఆయన నవ్వి, పెన్‌డ్రైవు నా చేతిలో పెట్టి వెళ్లారు. నేను మూడు రోజులు దగ్గర పెట్టుకున్నాను. ‘కేసరాలు’ దగ్గర ఒక పూట, ‘కవాటం’ దగ్గర ఒక పూట గడిచాయి.

ఆదివారం పొద్దున పని పూర్తయింది. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? పాఠాల పట్టిక అందంగా ప్రింటు తీయించి కార్యదర్శి చేతిలో పెడితే బాగుంటుందనిపించింది. అశోక్ నగర్ వెళ్లాను. జిరాక్స్ షాపులో ఇసుక వేస్తే రాలని జనం, అందరి చేతుల్లో దరఖాస్తులు. కౌంటరులో అమ్మాయి పెన్‌డ్రైవు గుచ్చి, తెర చూసి తలెత్తింది.

“అంకుల్, ఇది ఓపెన్ అయితలేదు. ఫార్మాట్ చెయ్యాల్నా అని అడుగుతున్నది.”

ఆ షాపు కంప్యూటరుకు ఆయన కట్టిన రెండో అర చదవడం రాదు. తనకు రానిదాన్ని తుడిచేయనా అని అడుగుతోంది. ఈ సంగతి నాకు తరవాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా, వెనక ఇరవై మంది యువకులు నన్ను చూస్తున్నారని, నాలుగు నెలలుగా కంప్యూటర్ల మనిషితో తిరుగుతున్న నేను తెల్లమొహం వేయకూడదని.

“చెయ్యమ్మా, అదలాగే అడుగుతుంది” అన్నాను, పెద్దరికంగా.

“పక్కా?”

“పక్కా.”

ఎంతసేపు పట్టింది? వెనకనున్న కుర్రాడు చిల్లర తీసినంతసేపు. అక్షరమంటే నశించనిదని చిన్నప్పుడు పంతులు గారు చెప్పారు. ఆ పంతులు గారు ఏ జిరాక్స్ షాపుకూ వెళ్లినట్టు లేరు.

సాయంత్రం ఆయన మా ఇంటికొచ్చారు. చెప్పాను. ఎలా చెప్పానో రాయను, రాసినా దిద్దలేను. ఆయన పెన్‌డ్రైవు గుచ్చి చూశారు. సిస్టమ్ లేచింది. రెండో అర తెరిచారు. తెల్లగా ఉంది. చూపుడువేలు బల్ల మీద టకటకమంటోంది, ఎవరూ తలుపు తీయడం లేదు. చాలాసేపటికి నా వైపు తిరిగారు.

“మూడొద్దులు దిద్దినవ్ గదా తమ్మీ. ఇప్పుడు జూడు. ఒక్క తప్పు లేదు.”

నన్ను తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ని.

“పాఠాలు మళ్లీ కడదామన్నా, ఇవాళే కూర్చుందాం” అన్నాను.

“నాలుగు నెలల పనికి నాలుగు గంటలా? పరేషాన్ గాకు. రేపు నువ్వు గూడ రా. పారిపోయినవనుకుంటరు పిల్లగాండ్లు.”

సోమవారం కార్యదర్శి వచ్చారు. మంచివాడే. బూట్లు విడవమంటే విడిచి, తన మేజోళ్ల చిరుగు చూసుకుని కాస్త సిగ్గుపడ్డారు కూడా. పది కంప్యూటర్లూ వెలుగుతున్నాయి. సుగుణ మేడం గోడకు ఆనుకుని నిలబడ్డారు, కొంగు వేలికి చుట్టుకుంటూ. ఆయన పిల్లలకు ఒకే మాట చెప్పారు. “పాఠం లేదు. తెల్ల కాయిదం ఉన్నది. మీకు యాదికున్నది కొట్టుండ్రి.”

కొట్టారు. వెతుక్కుంటూ, ఒక్కో అక్షరానికి ఒక్కో యుగం చొప్పున. కార్యదర్శి అనూష అనే పిల్ల వెనక ఆగారు.

“ఏం రాస్తున్నవ్ బిడ్డా?”

“పువ్వు సార్.”

“పుస్తకం జూడకుండనే?”

“పాఠం ఉండె సార్. గా సార్ కరాబు చేసిండు” అని నా వైపు వేలు చూపింది.

నేను గోడ మీది గాంధీ గారి బొమ్మను శ్రద్ధగా చూశాను.

కార్యదర్శికి ముచ్చటేసింది. “శబాష్. ఇవన్నీ కబాడీ అనుకున్న నేను. ఎట్ల నడుస్తున్నయ్?” అని ఆయన్నే అడిగారు. అదే కొంప ముంచింది. ఎవరైనా ‘ఎట్ల’ అని అడిగితే ఆయన ఆగలేరు. ఒక పెన్‌డ్రైవు లాగి చూపించారు. తెర ఆరిపోయింది. మళ్లీ గుచ్చారు, లేపారు.

“లోపల ఏం లేదు సార్. అంత దీంట్ల ఉన్నది. యాడికన్న తీస్కపోవచ్చు. జేబుల వెట్టుకోవచ్చు.”

“అంటే… యాడ వెట్టినా నడుస్తది?”

“యాడ వెట్టినా.”

“మరింక గదెందుకు?”

“అంటే అదేంటంటేనండీ…” అని నేను మొదలుపెట్టాను. నా తరఫు వాదన ఎప్పుడూ అక్కడే మొదలై అక్కడే ముగుస్తుంది. మేడం ఆయన్ని కళ్లతో బతిమాలారు, ఒక్క అబద్ధం ఆడమని. దుమ్ము పడదని, ఏసీ కావాలని, గాలి తగిలితే పాడవుతాయని, ఏదో ఒకటి. ముప్పై ఏళ్లు ల్యాబు కాసిన మనిషి చెబితే కార్యదర్శి నమ్మేవారు. ఆయన తల గోక్కున్నారు.

“కరెంటు గావాలె. నీడ గావాలె.”

“వరండాల రెండూ ఉన్నయ్” అన్నారు కార్యదర్శి సంతోషంగా. కంప్యూటర్లు బతికాయి, గది పోయింది.

కార్యదర్శి వెళ్లాక మేడం ఏడ్చినంత పని చేశారు. “మీరు జర నోరు మూసుకుంటే ఏం పోతుండె సార్?”

“అడిగిండు గదమ్మా.”

“అడిగితే అన్నీ చెప్తరా?”

నేను మేడం పక్షమే. ఆ మాటే ఇంటికి వస్తూ అన్నాను. ఆయన మలుపు దగ్గర ఆగారు. “ముప్పై ఏండ్లు తాళంచెవి నా బొడ్లె ఉండె తమ్మీ. బెల్లు కొట్టినంక గూడ పిల్లగాండ్లు కిటికీలకెల్లి చూసెటోళ్లు. నేను కవర్లు తొడిగి, తాళమేసి, పోండ్రి పోండ్రి అని ఎల్లగొట్టెటోన్ని. గది ఉంటే తాళముంటది. తాళముంటే నాసొంటోడొకడు ఉంటడు.” మళ్లీ నడక మొదలుపెట్టి, “వరండాకు తలుపే లేదు గదా” అన్నారు. ఓడిపోయి వస్తున్నవాడి మొహం కాదు అది. ఆ పూట నాకు ఆయన మీద అనుమానం కూడా వచ్చింది.

వరండాలో పది బల్లలు పడ్డాయి. గదిలో స్టడీ హాలు వెలిసింది, ఏసీతో సహా. స్టడీ హాలుకు వెళ్లే దారి వరండా మీదుగానే. కంప్యూటర్లున్న చోట చెప్పులు కుదరవు కాబట్టి, ఉద్యోగార్థులందరూ మెట్ల దగ్గరే బూట్లు విప్పాల్సి వచ్చింది. ‘అభ్యర్థులకు సూచనలు’ చదివి చదివి అలవాటైన వాళ్లు, ఎవరూ ఎదురు చెప్పలేదు. పిల్లలు బెల్లుకు ముందూ ఉండేవారు, బెల్లు తరవాతా ఉండేవారు. చదివి చదివి తల వేడెక్కిన అభ్యర్థి ఒకడు బయటికొచ్చి, పిల్లల వెనక నిలబడి గ్రహాలు చూసేవాడు. తరవాత ఇద్దరయ్యారు. స్టడీ హాలు యజమాని మేడం దగ్గర మొత్తుకున్నాడు. “మా పోరగాండ్లు లోపల ఏసీ వెట్టుకొని బయట ఉడుకుతుండ్రు మేడం!”

పాఠాలు మళ్లీ కట్టాం. ఈసారి ఒక్కో పాఠం పూర్తవగానే పది నకళ్లు. తప్పులతో సహా. నన్ను ప్రూఫు చూడనిచ్చారు గాని, పెన్‌డ్రైవు నా చేతికివ్వలేదు. తెర మీద చూపించి, నేను తప్పు చెబితే ఆయనే దిద్దేవారు.

తలుపు లేని వరండాలో పెన్‌డ్రైవులు వదలకూడదు కదా. అందుకని రోజూ సాయంత్రం ఆయనే పది డ్రైవులూ లాగి, డబ్బాలో సర్దుకుని ఇంటికి పట్టుకుపోయేవారు. పొద్దున మళ్లీ తెచ్చేవారు. ఏడాదిన్నర అలా నడిచింది. తరవాత ఆయాసం వచ్చింది. ఆసుపత్రిలో చేరే ముందు రోజు బడికొచ్చి, డబ్బా తెరిచి, పది మంది పిల్లల్ని పిలిచి ఒక్కొక్కటి చేతిలో పెట్టారు. “ఇంటికి తీస్కపోండ్రి. పొద్దుగాల తేవాలె. గంతే.” రసీదు లేదు, సంతకం లేదు. అంత నిర్లక్ష్యంగా ఆస్తి పంపకం నేనెక్కడా చూడలేదు.

“నాకొకటి ఇవ్వరా అన్నా?” అని అడిగాను, ఆసుపత్రికి తోడు వెళ్తూ.

“నీకొద్దులే తమ్మీ. నీకు పెద్దరికం ఎక్కువ” అన్నారు. ఆయనకు ఊపిరి చాలలేదు, నాకు మాటలు చాలలేదు.

ఆయన పోయిన పదిరోజులకు బడికి వెళ్లాను. వరండాలో ఏమీ మిగిలి ఉండదనే అనుకున్నాను. తొమ్మిది తెరలు వెలుగుతున్నాయి, ఒకటి ఆరిపోయి ఉంది. సుగుణ మేడం హాజరు పట్టీ ఇంకా తెరవలేదు. ఆరిన తెర వైపు చూసి, “ఇయ్యాల అనూష రాలే” అన్నారు. ఏ పిల్ల రాకపోతే ఆ కంప్యూటరు లేవదట. జ్వరమొచ్చినా, ఊరికి పోయినా పెన్‌డ్రైవు మాత్రం ఎవరితోనైనా పంపాలని పిల్లలే వాళ్లలో వాళ్లు నియమం పెట్టుకున్నారట.

కాసేపటికి అనూష వాళ్లమ్మ వచ్చింది, పనికి వెళ్తూ దారిలో. మెట్ల దగ్గర నుంచే చెయ్యి చాచి ఒక చిన్న పొట్లం మేడం చేతికిచ్చి, “జ్వరం మేడం, నూటరెండున్నది. గిది పంపేదాంక పండుకుంటలేదు” అని చెప్పి వెళ్లిపోయింది. పెన్‌డ్రైవుకు నోటుబుక్కు కాయితం చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. అది సెలవు చీటీ. మేడం విప్పి చదివి, నాకిచ్చారు.

‘గౌరవనీయులైన మేడం గారికి, నాకు జ్వరము వచ్చినందున ఈ దినము బడికి రాలేకపోవుచున్నాను. కావున నా కంప్యూటరును లేపవలసినదిగా కోరుచున్నాను.’

మేడం వెళ్లి లేపారు.